ఓడ దిగినవాడికి రైలు ఎంత దూరం

రంగూన్ రేవులో నేను చేసిన ఉద్యోగాన్ని కంపెనీ కాగితాల్లో లాండింగ్ గుమాస్తా అని రాసేవారు. పని మాత్రం చాలా సాదాది. విశాఖపట్నం, కాకినాడ, గోపాలపురం రేవుల్లో ఓడ ఎక్కి వచ్చిన మనవాళ్ళని జెట్టీ మీద కలుసుకోవాలి. వాళ్ళ సామాను వాళ్ళకి అందేటట్టు చూడాలి. పెగూ, టౌంగూ, మాండలే వైపు వెళ్ళేవాళ్ళని రైల్వే స్టేషనుకి పంపాలి. పంతొమ్మిది వందల ఇరవైల్లో ఇంచుమించు ఆ దశాబ్దమంతా ఈ పనే చేశాను. తర్వాత ఇంకేవేవో కుర్చీలు ఎక్కాను గాని వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఆ ఉద్యోగంలో నన్ను రోజూ అడిగిన ప్రశ్న ఒకటే. ఓడ పొద్దున్నే వస్తుంది కదా, మధ్యాహ్నం రైలు అందుతుందా? నేను చెప్పిన జవాబూ ఒకటే. అందదు, ఈ పూటకి రంగూన్లో ఆగి రేపటి రైలుకి వెళ్ళండి. ఈ జవాబు విని నన్ను మెచ్చుకున్నవాడు ఒక్కడు లేడు. ప్రయాణికుడి కంటికి నేను బద్ధకస్తుణ్ణి, మా హెడ్డు గుమాస్తా కంటికి పిరికివాణ్ణి, మా దొర కంటికి కంపెనీ వ్యాపారం చెడగొట్టే మనిషిని. నోరు నొప్పెట్టేలా చెప్పి చెప్పి, చివరికి చెప్పడం కూడా ఒక అలవాటుగా మిగిలిపోయింది.

ఇప్పుడు ఇది చదివే మీలో కొందరు విమాన కంపెనీల కౌంటర్లలో కూర్చుంటున్నారు. మొన్న మా బంధువులమ్మాయి, ఆ ఉద్యోగంలో కొత్తగా చేరినది, మా ఇంటికి భోజనానికి వచ్చింది. రంగూన్ విమానాశ్రయం మింగలడాన్‌లో దిగినవాళ్ళకి ఆ వెంటనే ఉన్న మాండలే రైలుకి టిక్కెట్టు కలిపి ఇచ్చేస్తున్నామని గర్వంగా చెప్పింది. మధ్యలో ఎంత వ్యవధి ఉంచారమ్మా అని అడిగితే, మోటారులో వెళ్తే ఎంతసేపండీ తాతగారూ అని నన్నే ఎదురు అడిగింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆ అమ్మాయి మీద కోపం కాదు, ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే మాట వినవలసి వచ్చినందుకు. అందుకే ఇది రాస్తున్నాను.

ఓడ వచ్చిందంటే

ముందుగా ఒక సంగతి బుర్రకెక్కించుకోండి. నది మొగ దగ్గర, ఓడని లోపలికి నడిపించే పైలట్ ఎక్కగానే కెప్టెను లెక్కలో ఓడ వచ్చేసినట్టే. నది మధ్యలో లంగరు పడితే కంపెనీ లెక్కలో వచ్చినట్టు. రోజుల తరబడి డెక్కు మీద చాప పరుచుకుని, వాంతులు చేసుకుంటూ వచ్చిన మనిషికి మాత్రం కాలు నేల మీద ఆనితేనే వచ్చినట్టు. ఈ మూడింటికీ మధ్య ఒక పూట ఇట్టే గడిచిపోతుంది.

రంగూన్ నదిలోకి పెద్ద ఓడ రావాలంటే పోటు ఉండాలి. ఆటు వేళకి వచ్చిన ఓడ నీళ్ళు పెరిగేదాకా నది మొగ దగ్గరే అలాగే నిలబడి ఉంటుంది. లోపల పెళ్ళికొడుకున్నా అంతే, జబ్బు మనిషి ఉన్నా అంతే. చంద్రుణ్ణి బట్టి నడిచే నదికి కంపెనీ టైంటేబులు చూపిస్తే ఏం లాభం? నేను ఆఫీసులో ఈ మాట అంటే, నది గురించి మాట్లాడడానికి నువ్వు పైలట్‌వా అని హెడ్డు గుమాస్తా వెక్కిరించేవాడు.

లంగరు పడ్డాక ఫస్టు క్లాసువాళ్ళు దిగుతారు. వాళ్ళ తర్వాత సెకండు క్లాసు. డెక్కువాళ్ళని మాత్రం ముందు డాక్టరు చూడాలి. కళ్ళు చూస్తాడు, నాలుక చూస్తాడు, టీకా మచ్చ చూస్తాడు. మచ్చ సరిగ్గా కనబడకపోతే అక్కడే మళ్ళీ టీకా. ఒకసారి ఎండకి ఒళ్ళు వేడెక్కిన ఒకణ్ణి జ్వరమేమోనని పక్కన నిలబెడితే, వాడి ఊరివాళ్ళంతా వాణ్ణి వదిలి కదలమని జెట్టీ మీద భీష్మించుకు కూర్చున్నారు. వాళ్ళలో సగంమందికి పెగూ రైలుకి టిక్కెట్లున్నాయి. మీ రైలు వెళ్ళిపోతుందయ్యా అని నేను బతిమాలుకుంటే, రైలు మళ్ళీ వస్తుంది కదా అన్నారు. నిజమే, వస్తుంది. ఆ సంగతి టిక్కెట్టు కొనేటప్పుడు ఎందుకు గుర్తురాదో నాకు తెలియదు.

డాక్టరు వదిలితే కస్టమ్సు. రేకు పెట్టెలు, చింతపండు బుట్టలు, ఊరగాయ జాడీలు. జాడీకి కట్టిన గుడ్డ విప్పమన్నందుకు ఒక ముసలావిడ అధికారి చెయ్యి పట్టుకుని అవతలికి లాగేసింది. మడి కట్టుకుని పెట్టిన ఆవకాయట. అతను బర్మా మనిషి, పాపం నవ్వి ఊరుకున్నాడు. కాని ఆ జాడీ తగవు తేలేదాకా వెనకాల వరసంతా ఎండలో నిలబడింది.

ఇన్ని అయ్యాక జెట్టీ నుంచి స్టేషను ఎంత దూరమంటారా? గుర్రబ్బండి ఎక్కితే నోట్లో తాంబూలం పండేలోగా చేరిపోతారు. ఆ దగ్గరతనమే అందరి కొంపా ముంచింది. దూరం తక్కువ కాబట్టి వ్యవధి కూడా తక్కువ చాలనుకుంటారు. రోడ్డు మీద పట్టే సమయం నిజానికి లెక్కలోకే రాదు. మిగిలిన ఆలస్యమంతా మనుషుల దగ్గర జరుగుతుంది, మనుషుల్ని ఏ టైంటేబులులోనూ వెయ్యరు.

దొరగారి చుట్ట

మా దొర స్కాట్లండు మనిషి. చెడ్డవాడు కాదు, ఒళ్ళు దాచుకోడు, అబద్ధమాడడు. అయితే తను కళ్ళారా చూసిందే లోకమనుకునే రకం. ఒకసారి కలకత్తా నుంచి ఓడలో వస్తూ, దిగినవాడికి స్టేషను చేరడానికి ఎంత సేపు పడుతుందో తానే పరీక్ష చేశాడు. ఓడ మీద చుట్ట వెలిగించాడట. లాంచి వచ్చింది, దిగాడు. మోటారు సిద్ధంగా ఉంది, ఎక్కాడు. సామాను ఆఫీసు బంట్రోతులు తెచ్చుకున్నారు. స్టేషను మెట్లెక్కేసరికి చుట్ట సగం కూడా కాలలేదు.

ఆ వారంలోనే హుకుం జారీ అయింది. ఇక మీదట కోస్తా రేవుల్లో ఓడకీ, ఆ ఓడ దిగిన రోజే మధ్యాహ్నం రైలుకీ కలిపి ఒకే టిక్కెట్టు అమ్మాలి. ప్రయాణికులు రంగూన్లో ఆగితే వేరే ఏజెంట్ల చేతిలో పడుతున్నారని ఆయన బాధ. నేను వెళ్ళి డెక్కువాళ్ళకి ఇది కుదరదండీ అన్నాను. వాళ్ళకి సరిగ్గా ఎంత సేపు పడుతుందో చెప్పమన్నాడు. పోటుని బట్టి, డాక్టరుని బట్టి, వరసని బట్టి ఉంటుందన్నాను. సరిగ్గా ఎంత, అని మళ్ళీ అడిగాడు. సరిగ్గా ఎవరూ చెప్పలేరండీ, అందుకే రేపటి రైలు పెట్టమంటున్నాను అన్నాను. నేను పాఠం చదవకుండా వచ్చిన పిల్లవాణ్ణైనట్టు నా కేసి చూసి, కాగితం మీద సంతకం పెట్టేశాడు.

సరిగ్గా చెప్పలేని దాన్ని సున్నా అని రాసుకునే పెద్దలు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మీకూ తగులుతారు.

అయినా నాకు దొర మీద కంటే మా హెడ్డు గుమాస్తా శేషగిరిరావు గారి మీదే ఎక్కువ ఒళ్ళు మండింది. దొరకి తెలియదు. ఈయనకి అన్నీ తెలుసు. తన కూతురు ఓడ దిగి మాండలే కాపరానికి వెళ్ళినప్పుడు, అలసిపోయి ఉంటుంది పిల్ల అని మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని పంపాడు. అలాంటివాడు దొర ముందు మాత్రం, చాలా గొప్ప ఏర్పాటండీ అని తలాడించాడు. బయటికొచ్చాక, ఎందుకండీ అలా అన్నారు అని అడిగితే, వద్దన్నంత మాత్రాన ఆగుతుందా అన్నాడు. ఆ మాట నిజం కావచ్చు. అంతమాత్రాన అది చెప్పకుండా ఉండడానికి సాకు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

అప్పన్న

ఆ టిక్కెట్టు మీద వచ్చినవాళ్ళలో అప్పన్న ఒకడు. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరి మనిషి, నడివయసు, రేవుకి అంతకు ముందెప్పుడూ రాలేదు. అతని తమ్ముడు సింహాద్రి టౌంగూ దగ్గర కలప కోత మిల్లులో పనిచేసేవాడు. టేకు దుంగ జారి కాలి మీద పడింది. ఆస్పత్రి డాక్టరు మొదట కాలు నిలబెడదామని చూశాడు గాని పుండు చెడిపోయింది. మోకాలి కింద తీసెయ్యాలన్నాడు. సింహాద్రి ససేమిరా అన్నాడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే ఎత్తుకుని పెంచినవాడు అన్న. ఆ అన్న ఎదురుగా నిలబడి సరే అంటే తప్ప కత్తి పెట్టనివ్వనన్నాడు. మిల్లువాళ్ళు ఊరికి తంతి కొట్టారు. అప్పన్న ఓడ ఎక్కబోతుండగా రెండో తంతి అందింది. ఇంకా ఆలస్యమైతే మోకాలు కూడా దక్కదని దాని సారాంశం.

మోకాలంటే చదువుకున్నవాళ్ళకి అంత పట్టింపు ఉండకపోవచ్చు. మోకాలు మిగిలితే కూలివాడు చెక్క కాలు కట్టుకుని కూర్చోగలడు, లేవగలడు, ఏదో ఒక పని సంపాదించుకోగలడు. అది పోతే జీవితాంతం ఒకరి చేతి కింద కూడే. ఇదంతా అప్పన్నకి తెలుసు. జెట్టీ మీద, టీకా వేసిన చెయ్యి పట్టుకుని, నాకు చెప్పిన మొదటి మాట ఇదీ.

"నాను యేలకి ఎల్తే నా తమ్ముడికి మోకాలుంటాది బావూ."

ఆ రోజు పోటు కోసం ఓడ చాలాసేపే ఆగింది. డాక్టరు దగ్గరా ఆలస్యమే. అయినా అప్పన్న దగ్గర ఒక మూట తప్ప సామానేమీ లేకపోవడం వల్ల, రైలుకి ఇంకా రెండు గంటలకి పైగా ఉండగానే బయటపడ్డాడు. ఆ దిక్కుమాలిన టిక్కెట్టు మొదలైన దగ్గర్నుంచి ఒక డెక్కు మనిషికి రైలు అందుతుందని నేను నమ్మింది అదే మొదటిసారి. టిక్కెట్టు మీద ముద్ర కొట్టించి, అతనికి దోవ చూపించి, సూటిగా స్టేషనుకి వెళ్ళి ప్లాట్‌ఫారం మీద కూర్చో, ఎవరు పిలిచినా లేవకు అని చెప్పాను. సరే బావూ అన్నాడు. నేను మిగిలిన వరస కేసి వెనక్కి తిరిగాను. కంపెనీ నన్ను పెట్టుకున్నది ఒక్క మనిషి కోసం కాదు కదా.

జెట్టీ గేటు బయట పైడయ్య మేస్త్రీ నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. రంగూన్లోనే సరుకులు దిగే సేక్కాన్ రేవులో మూటలు మోసే ఒక పెద్ద గుంపుకి అతను మేస్త్రీ. అప్పన్నకి మేనమామ వరస. ఊరి నుంచి ఎవరొచ్చినా ఎదురొచ్చి, కూలీలుండే తన బారకుకి తీసుకుపోయి, కడుపునిండా పెట్టి పంపేవాడు. మంచితనానికి మనిషి రూపం ఇస్తే పైడయ్యలాగే ఉంటుందని నేనూ అనేవాణ్ణి. మన వాళ్ళ రైళ్ళు తప్పించినవాళ్ళలో సగంమంది ఇలాంటి మంచివాళ్ళే. ఓడ దిగిన మనిషి నాలుగు మెతుకులు తినకుండా రైలెక్కితే వాళ్ళ పరువు పోతుంది.

ఊరి టైము, కంపెనీ టైము

మన కోస్తా గడియారం రంగూన్ గడియారం కంటే గంట వెనక నడుస్తుంది. ఓడ తూర్పుకి వస్తున్న కొద్దీ పైన ఉన్న గడియారాన్ని జరుపుతారు గాని, ఆ సంగతి డెక్కు మీదకి ఎవరూ వచ్చి చెప్పరు. పైడయ్యకి ఈ తేడా బాగా తెలుసు. తెలిసి కూడా తన జేబు గడియారాన్ని వచ్చిన రోజు నుంచీ ఊరి టైము మీదే ఉంచుకున్నాడు. దానికి అతని కారణం అతనికుంది. బారకులో ఉన్నవాళ్ళందరికీ మంచీ చెడ్డా గడియలు చెప్పేది అతనే. ఊళ్ళో పురోహితుడు పంచాంగం చూసి, ఏ రోజు వర్జ్యం ఎన్ని గంటలకి వస్తుందో, ఎన్ని గంటలకి పోతుందో అక్కడి గడియారం ప్రకారం రాయించి పంపేవాడు. దాన్ని చూసుకోవాలంటే గడియారం ఊరి టైములో ఉండాలి కదా. పనిలోకి వెళ్ళడానికి గడియారంతో అవసరం లేదు, రేవు సైరన్ ఉంది.

ఇలా ఆ మనిషి రెండు టైముల్లోనూ ఏ ఇబ్బందీ లేకుండా బతికాడు. రెంటినీ ఒక్కచోట పెట్టి చూసుకోవలసిన అవసరం అతనికి ఏనాడూ రాలేదు. ఆ రోజు వచ్చింది.

వరసలో పని ముగించుకుని, ఎందుకైనా మంచిదని నేను స్టేషనుకి వెళ్ళాను. ప్లాట్‌ఫారం గేటు దగ్గర టిక్కెట్లు చూసే బర్మా ఆయన ఊ బా నాకు బాగా తెలిసినవాడు. పెద్ద మనిషి, మా జెట్టీ నుంచి వచ్చే మనవాళ్ళని ఓపిగ్గా కనిపెట్టుకుని ఎక్కించేవాడు. టౌంగూ టిక్కెట్టుతో ఒక్క తెలుగువాడు కూడా ఇంకా గేటు దాటలేదని చెప్పాడు. బయటికొచ్చి రిక్షా ఎక్కి సేక్కాన్ అన్నాను. లాగేవాడూ మనవాడే, పైడయ్య పేరు చెప్పగానే పరుగెత్తాడు. దారిలో ఉండగానే రేవు సైరన్ పన్నెండు కొట్టింది. రైలు పన్నెండున్నరకి.

బారకు ముందు పంచలో అప్పన్న విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. అన్నం ముట్టలేదు. మూట ఒళ్ళోనే ఉంది. పైడయ్య పక్కనే కూర్చుని, తినరా అని బుజ్జగిస్తున్నాడు. నన్ను చూసి ఎంతో మర్యాదగా లేచాడు. నేను కేకలు మొదలుపెట్టకముందే జేబులోంచి గడియారం తీసి చూపించాడు. అందులో పదకొండు దాటి కాస్త అయింది.

"పన్నెండుకి వర్జిం ఎల్లిపోతాది గుమస్తా బావూ. పన్నెండున్నరకి రైలు. టేషను ఎంత దూరమేటి, యిక్కడే గదా."

ఇప్పుడే పన్నెండు సైరన్ మోగింది కదా, వినలేదా అన్నాను.

"ఇన్నాను. అది కంపెనీ టైము."

"రైలు ఎవరిది?"

పైడయ్య గడియారం కేసి చూశాడు, రేవు కేసి చూశాడు, మళ్ళీ గడియారం కేసి చూశాడు. లెక్క అతని మొహంలో తేలడం నాకు కనబడింది. చాలా నెమ్మదిగా అన్నాడు.

"అయితే వర్జింలోనే రైలు ఎల్లిపోతాదా?"

అవునన్నాను. అప్పన్న అప్పటికే లేచి నిలబడ్డాడు. ఇంకో అడుగు వేస్తే పంచ దిగేవాడే. పైడయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగా కూడా వెయ్యలేదు.

"ఆడి కాలు కోసమే గదరా ఎల్తన్నావు. వర్జింలో బయలెల్తే ఆ కాలే పోద్ది. నీ ఇట్టం."

అప్పన్న ఆగిపోయాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. పైడయ్యని, పంచాంగాన్ని, పురోహితుణ్ణి, మా దొరని, ఆ టిక్కెట్టుని వరసపెట్టి తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. అప్పన్న నన్ను వినడం లేదు. నా జన్మలో ఒక మనిషి అంత నలిగిపోవడం చూడలేదు. వెళ్తే తమ్ముడి మోకాలికి వర్జ్యం తగులుతుంది, ఆగితే పుండు పైకి పాకుతుంది. మూర్ఖత్వమని మీరు తేలిగ్గా అనేయగలరు. నేనూ అప్పుడు అలాగే అన్నాను. కాని అతను ఆగింది తన కోసం కాదు, వెళ్దామనుకున్నదీ తన కోసం కాదు. కాసేపటికి మేనమామ కాళ్ళకి దండం పెట్టాడు.

"మావా, ఆడు రైలు కోసం సూత్తంటాడు" అని పంచ దిగి నా రిక్షా ఎక్కాడు.

ఆ కాసేపే మమ్మల్ని ముంచింది. స్టేషను మెట్ల దగ్గర ఉండగానే రైలు కూత వినబడింది. ఊ బా రూలుకి విరుద్ధంగా గేటు తెరిచి పట్టుకుని, రండి రండి అని చెయ్యి ఊపుతున్నాడు. మేము గేటు దాటేసరికి ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం చివర దాటుతోంది. అప్పన్న కొంత దూరం దాని వెనక పరుగెత్తి, నిలబడి, మూటని రెండు చేతులతోనూ గుండెకి అదుముకున్నాడు. ఊ బా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తర్వాతి రైలు మర్నాడే.

ఎవరి న్యాయం వారిది

అప్పన్న ఒక రోజు ఆలస్యంగా టౌంగూ చేరాడు. అప్పటికి పుండు పైకి పాకింది. సింహాద్రి కాలు మోకాలికి పైన తీశారు. ప్రాణం దక్కింది.

ఈ సంగతి తెలిసిన రోజు నేను దొర గదిలోకి వెళ్ళి, ఈ టిక్కెట్టు ఆపెయ్యండి అని అడిగాను. ఆయన శాంతంగా విన్నాడు. ఓడ రైలు కంటే ముందే వచ్చిందా, వచ్చింది. రైలు సరైన వేళకే బయల్దేరిందా, బయల్దేరింది. మరి టిక్కెట్టులో తప్పేముంది అన్నాడు. శేషగిరిరావు గారు, ప్రయాణికుడు దారిలో భోజనానికి వెళ్తే అది కంపెనీ పూచీ కాదని చక్కని ఇంగ్లీషులో వివరించారు. ఇద్దరి మాటల్లోనూ అబద్ధం లేదు.

అక్కణ్ణుంచి పైడయ్య దగ్గరికి వెళ్ళాను. అతను కుమిలిపోతూ ఉంటాడనీ, నేను ఓదార్చాలనీ అనుకుంటూ వెళ్ళాను. అతను తేటగా ఉన్నాడు.

"సూసినారా బావూ, వర్జింలో ఆ రైలెక్కుంటే మడిసే దక్కేవోడు గాడు. మోకాలుతో పోనాది."

 వాదించి గెలవలేని మాటలంటే నాకు ఒళ్ళు మంట, అందులో ఇది మొదటిది. వర్జ్యమని తెలిసి కూడా అప్పన్న పంచ దిగాడనీ, దిగినా రైలు అందలేదనీ గుర్తు చేశాను. అందుకే అందలేదు అన్నాడు. ఇక లేచి వచ్చేశాను.

ఆ టిక్కెట్టు చివరికి ఆగిపోయింది లెండి. నా మాట మీద కాదు. దొర స్నేహితుడి భార్య ఒకావిడ దాని మీదే వచ్చింది, ఆవిడ టోపీల పెట్టె ఓడ అడుగున ఉండిపోయింది, ఆవిడ మాండలేలో ఏదో విందుకి ఆ టోపీ లేకుండా వెళ్ళవలసి వచ్చింది. ఆవిడ రాసిన నాలుగు ముక్కలకి, ఏడాదిగా నేను మొత్తుకున్నది వారంలో జరిగిపోయింది. నాకు సంతోషం కలగలేదు. అంత తేలిగ్గా ఆగేది, ఇన్నాళ్ళు ఎందుకు ఆగలేదా అని ఇంకా మండింది.

మీకు నేను చెప్పేది ఇంతే. వ్యవధిని కొలవడానికి చుట్ట వెలిగించేవాడి మాట నమ్మకండి. అందరికంటే ఆఖరున దిగే మనిషితో కలిసి ఒకసారి దిగి చూడండి. ఎక్కడికి వెళ్తారని అడిగి ఊరుకోకండి, ఎదురు ఎవరొస్తున్నారో కూడా అడగండి. చుట్టం పేరు చెప్పాడంటే ఆ రోజు రైలు మీద ఆశ వదులుకోండి. అతని చేతికి గడియారం ఉంటే అది ఏ ఊరి టైమో చూడండి. విమానం మరీ అన్యాయం, ఓడ రోజుల మీద తెచ్చిన గంట తేడాని అది ఒక్క పూటలో తెచ్చి మొహాన కొడుతుంది. పై అధికారి సరిగ్గా ఎంత అని అడిగితే, నాలాగా నదినీ చంద్రుణ్ణీ వర్ణించకండి. ఒక రోజు అని చెప్పండి. ఎక్కువంటాడు. అననివ్వండి.

తిరుగు ఓడ

రెండు మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం జెట్టీ మీదకి వెళ్ళేసరికి, నీడలో గోనెపట్టా పరుచుకుని అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఉన్నారు. నేను సింహాద్రిని చూడడం అదే మొదలు. పాతికేళ్ళు కూడా ఉండవు. పక్కన చంక కర్ర. విశాఖపట్నం ఓడ మర్నాడు సాయంత్రానికి గాని కదలదు. నాకు చిరాకేసింది. ఈ ఎండలో ఇప్పుడే వచ్చి కూర్చోడమేమిటి, పైడయ్య దగ్గర ఉండొచ్చు కదా అని గదమాయించాను. అప్పన్న తల వంచుకుని, యేలకి అందదేమోనని భయమేసింది బావూ అన్నాడు.

నేను కూడా వాళ్ళ పక్కన కూలబడ్డాను. ఆస్పత్రిలో బాగా చూశారా, డాక్టరు కోప్పడ్డాడా అని ఏదో అడిగాను. సింహాద్రి మాటకారి. డాక్టరు మంచివాడన్నాడు. ఆ రోజు పొద్దున్న కూడా మోకాలి కిందే కోసేద్దామని వచ్చాడట. మా అన్న సాయంత్రం రైలుకి వచ్చేస్తున్నానని తంతి ఇచ్చాడు, అంతదాకా ఆగండి అని తనే కాళ్ళావేళ్ళా పడ్డాడట. డాక్టరు సరేనని ఆగాడు. చెప్తూ చెప్తూ నవ్వుతున్నాడు గాని అన్న కేసి చూడడం లేదు.

"ఆసుపత్రి టేషను ఎనకాలే బావూ. రైలు కూత ఇనపడింది. మా అన్నొచ్చీసినాడు, ఇంక అన్నీ సర్దుకోండని నానే డాకటేరుకి కబురెట్టినాను. తలుపు కేసి సూత్తా కూకున్నాను. ఇంకో కూతేసి రైలు మాండలే కేసి ఎల్లిపోనాది. మా అన్న నడిసొత్తన్నాడు గావాల, మూట బరువేమో అనుకున్నాను."

అప్పన్న మూటకున్న ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. సింహాద్రి ఇంక నవ్వలేదు. ఓడ ఎప్పుడు కదులుతుందో నాకు తెలుసు. అయినా వాళ్ళ ముందు ఏడవలేక, కనుక్కుని వస్తానని చెప్పి లేచి అవతలికి వెళ్ళిపోయాను.